పెళ్లయిందని ఎవరికీ చెప్పకండి



కాడుగోడి పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కుప్పం నుంచో బంగారుపేట నుంచో పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయేవాళ్లు వైట్‌ఫీల్డు స్టేషనులో దిగుతారు కదా, ఆ స్టేషను ఉన్నది కాడుగోడిలోనే. 2023 మార్చిలో మెట్రో రైలు కూడా అక్కడికే వచ్చింది. ఊదారంగు లైనుకు తూర్పు వైపు అదే ఆఖరి స్టేషను. అంగడి వీధిలో నిలబడితే తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒక్క నిమిషంలోనే చెవిన పడతాయి. ఎటు చూసినా టు-లెట్ బోర్డులు. ఆ బోర్డు చూసి గేటు తట్టారనుకోండి, ఇంటివాళ్లు మొట్టమొదట అడిగే ప్రశ్న మీ పేరు కాదు, ఊరు కాదు. "ఫ్యామిలీనా, బ్యాచిలరా?" అన్నదే.

మా వీధిలో మేడమీద ఒక తెలుగు జంట అద్దెకుంటున్నారు. ఇద్దరిదీ ఒకే కంపెనీ. పొద్దున్నే ఇద్దరూ కలిసి మెట్రో ఎక్కుతారు గానీ ఒక స్టేషను ముందు ఒకరు దిగిపోతారు, ఇంకొకరు తర్వాతి స్టేషనులో దిగి కంపెనీ బస్సు అందుకుంటారు. ఎందుకమ్మా ఈ తిప్పలు అని ఒకనాడు ఆ అమ్మాయిని అడిగాను. "పెళ్లయిందని ఆఫీసులో చెప్పలేదండీ. చెబితే ఇద్దరినీ ఒకే టీములో ఉంచరు, ఒకరిని వేరే ఊరికి మారుస్తారేమోనని భయం" అంది. ఇల్లు దొరకడానికి ఇంటావిడ ముందు పెళ్లి ఫోటోలు పెట్టాలి, ఉద్యోగం నిలవడానికి ఆఫీసులో అవే ఫోటోలు దాచాలి. ఇది విన్నప్పుడు నాకు నవ్వొచ్చిన మాట నిజమే. ఆ వెంటనే ఒక పాత సినిమా గుర్తుకొచ్చింది. ఈనాటి ప్రసంగం దాని గురించే.

1991లో వచ్చిన 'పెళ్లి పుస్తకం' మీలో ఎందరో చూసి ఉంటారు. దర్శకుడు బాపు, మాటలు ముళ్లపూడి వెంకటరమణ, కథ రావి కొండలరావు, సంగీతం కె.వి. మహదేవన్. రాజేంద్రప్రసాద్, దివ్యవాణి కొత్త దంపతులు. డబ్బు అవసరాల వల్ల ఇద్దరూ పెళ్లికాని వాళ్లమని చెప్పుకుని ఒకే ఆఫీసులో ఉద్యోగాల్లో చేరతారు. ఆఫీసు యజమాని గుమ్మడి. పగలంతా ఎవరికి ఎవరో అన్నట్టు మెలగాలి, చాటుగా మొగుడూ పెళ్లాలుగా బతకాలి. ఆ సినిమాలో పెళ్లిపాట ఆరుద్ర రాశారు, 'శ్రీరస్తు శుభమస్తు' అని మొదలవుతుంది. ముప్పై ఏళ్లు దాటినా మన వైపు పెళ్లి వీడియో తీసే కుర్రాళ్లు తలంబ్రాల దగ్గర ఆ పాటే వేస్తారు. పెళ్లిని దాచుకోవడం గురించి తీసిన సినిమాలోని పాట లేకుండా పెళ్లి వీడియో పూర్తికాకపోవడం తమాషా కదూ!

ఇలాంటి కథలు మనకే సొంతమా అంటే కాదు. జపాను వాళ్లకు ఇవంటే మహా ఇష్టం. కోలారు జిల్లా నరసాపుర పారిశ్రామికవాడలో 2013లో హోండా వాళ్ల స్కూటర్ల ఫ్యాక్టరీ వచ్చింది, మన తడ దగ్గర శ్రీసిటీలో జపాను కంపెనీలు వరసగా ఉన్నాయి. కాబట్టి జపాను వాళ్లు మనకు మరీ కొత్తేం కాదు. వాళ్ల టీవీలో 1970లో ఒక ధారావాహిక వచ్చింది. పేరుకు తెలుగులో అర్థం చెప్పాలంటే 'మా ఆవిడకు 18 ఏళ్లు'. ఒక ఉన్నత పాఠశాలలో మాస్టారు, అదే బడిలో చదివే అమ్మాయి భార్యాభర్తలు. ఆ సంగతి బడిలో తెలియకూడదు. ఇదీ కథ. ఒకాజకి యూకి అనే నటి అందులో భార్య వేషం వేసి ఇంటింటికీ తెలిసిపోయింది. మరుసటి ఏడు దాన్ని సినిమాగానూ తీశారు. ఇప్పటి కళ్లతో చూస్తే మాస్టారికీ విద్యార్థినికీ పెళ్లేమిటని మనకు ఇబ్బందిగానే ఉంటుంది. కానీ ఆ దేశంలో దాగుడుమూతల పెళ్లి కథలకు అదొక పెద్దక్క లాంటిది. ఆ తర్వాత 2016లో ఇంకో ధారావాహిక వచ్చింది. అందులో ఉద్యోగం పోయిన ఒక చదువుకున్న అమ్మాయి ఒక ఇంజనీరు ఇంట్లో జీతానికి పనిమనిషిగా చేరుతుంది. ఇద్దరూ కాగితం మీద ఒప్పందం రాసుకుని భార్యాభర్తలమని చెప్పుకుంటారు. జీతం, సెలవులు, పని గంటలు అన్నీ ఒప్పందంలో ఉంటాయి. ఆ రెండు కథల్లో ఒకటి ఉన్న పెళ్లిని దాచడం, రెండోది లేని పెళ్లిని ఉందనడం.

ఆ రెండో రకం కథ వినగానే మనవాళ్లు "ఇది మా మిస్సమ్మే" అంటారు. అవును, మన 'మిస్సమ్మ' 1955 సంక్రాంతికి వచ్చింది. విజయా వారి చిత్రం, ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు, పింగళి నాగేంద్రరావు మాటలూ పాటలూ. అప్పాపురం జమీందారు గోపాలం, అంటే ఎస్.వి. రంగారావు, తప్పిపోయిన తన కూతురి పేర బడి నడుపుతుంటాడు. అందులో పాఠాలు చెప్పడానికి బి.ఏ. చదివిన దంపతులు కావాలంటాడు. అక్కడ ఎం.టి. రావు అనే హిందూ యువకుడు, మేరీ అనే క్రైస్తవ యువతి ఉద్యోగాల కోసం దంపతులమని అబద్ధమాడి చేరతారు. ఎన్.టి. రామారావు, సావిత్రి. మేరీ పాత్రకు మొదట భానుమతిని అనుకుని కొంత షూటింగు కూడా చేశారు. తర్వాత ఆ పాత్ర సావిత్రికి వచ్చింది. సావిత్రి జీవితాన్నే ఆ పాత్ర మార్చేసింది. ఈ కథకు మూలం బెంగాలీలో రవీంద్రనాథ్ మైత్ర రాసిన నాటకం. తమిళంలో జెమినీ గణేశన్‌తో, తర్వాత హిందీలో 1957లో 'మిస్ మేరీ' పేరుతో కూడా వచ్చింది.

ఇప్పుడు ఒక చిన్న సంగతి గమనించండి. 1955లో బడి ఉద్యోగం కావాలంటే పెళ్లి అయ్యి ఉండాలి. 1991లో ఆఫీసు ఉద్యోగం కావాలంటే పెళ్లి కాకుండా ఉండాలి. 'మిస్సమ్మ'ను తిరగేసి చూస్తే 'పెళ్లి పుస్తకం' కనిపిస్తుంది. రావి కొండలరావుగారు విజయా వారి 'విజయచిత్ర' పత్రికలో చాలాకాలం పనిచేసినవారు. ఆ ఇంటి వంటల రుచి ఆయనకు బాగా తెలుసు.

విజయా వారి మొదటి రోజుల సినిమా 'పెళ్లి చేసి చూడు' కూడా ఈ కోవలోదే. అది 1952లో వచ్చింది. కట్నం డబ్బు అందలేదని మగపెళ్లివారు పెళ్లి పీటల మీద నుంచే కొడుకును లాక్కుపోతారు. కొడుకు పిచ్చిపట్టినట్టు నటిస్తాడు, భార్య నర్సు వేషంలో అత్తవారింట్లో అడుగుపెడుతుంది. తాళి కట్టించుకున్న ఇంటికే కూలికొచ్చిన దానిలా వెళ్లాల్సి రావడం చూసి జనం విరగబడి నవ్వారు. నవ్వు వెనక వరకట్నం ఉందని చూసినవాళ్లకు తెలియకపోలేదు.

ఈ కథల్లో నవ్వు ఎక్కడినుంచి పుడుతుందంటారు? చూసేవాళ్లకు అన్నీ తెలుసు, తెరమీద వాళ్లకు తెలియదు. అదే కిటుకు. భార్యకు ఇంకొకడు సంబంధం మాట్లాడుతుంటే మొగుడు పక్కనే నిలబడి, "మంచి కుర్రాడండీ" అనాల్సి వస్తుంది. ఉక్రోషం కనిపించకూడదు. అయితే మన తెలుగు కథల్లో ఇంకొక సొగసుంది. మనది పెళ్లంటే ఊరంతటికీ తెలిసే పని. బాజాభజంత్రీలు, పందిరి, మూడు వందల విస్తళ్లు, ఎవరు అలిగారో ఎవరు రాలేదో అన్న లెక్కలు. అలాంటి దాన్ని దాచడమంటే ఏనుగును చీరకొంగు కింద దాచినట్టే. జపానులో అలా కాదు. అక్కడ పెళ్లంటే చట్టరీత్యా మునిసిపల్ కచేరీలో ఇచ్చే ఒక కాగితం. ఇద్దరు సాక్షుల సంతకాలుంటే చాలు, పూజారి అవసరం లేదు. వాళ్లు దాచడానికి కష్టపడేది ఇంకొకదాన్ని, ఇంటిపేరును. వాళ్ల పౌరస్మృతి 750వ నిబంధన ప్రకారం దంపతులిద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండాలి. దాదాపు అందరు జంటల్లోనూ మార్చుకునేది భార్యే. దాన్ని సవాలు చేస్తూ వెళ్తే 2015లోనూ 2021లోనూ అక్కడి సుప్రీంకోర్టు ఆ నిబంధన సరైనదేనంది. ఆడపిల్ల పేరు మారగానే ఆఫీసులో అందరికీ తెలిసిపోతుంది.

మన దగ్గర పేరు మారకపోయినా ఒళ్లే చెప్పేస్తుంది. మెడలో తాళి, నల్లపూసలు, కాలి వేళ్లకు మెట్టెలు. మగవాడి ఒంటిమీద పెళ్లయిన గుర్తు ఏముంది చెప్పండి? ఏమీ లేదు. కాబట్టి దాచే కష్టమంతా ఆడదానిదే. మా మేడమీది అమ్మాయి పొద్దున మెట్రో ఎక్కేముందు మెట్టెలు తీసి పర్సులో వేసుకుంటుంది. తాళి చుడీదారు లోపలికి పోతుంది. వాళ్లాయన మాత్రం తల దువ్వుకుంటే చాలు. "ఆయన దాచేది ఫోన్లో ఉన్న ఒక్క ఫోటోయే అండీ" అని నవ్వింది. మొదట్లో నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, వాళ్ల అమ్మగారు ఊరి నుంచి వచ్చినప్పుడల్లా ఆ ఖాళీ కాలివేళ్లు చూసి ఎంత బాధపడుతుందో కదా అనిపించింది.

సరే, ఆఫీసులకు పెళ్లంటే ఎందుకింత పడదు? ఇక్కడ సినిమాలు పక్కన పెట్టి కోర్టులోకి వెళ్దాం.

బొంబాయిలో ఒక మందుల కంపెనీ ఉండేది. అక్కడ ప్యాకింగు విభాగంలో పెళ్లికాని అమ్మాయిలను పెట్టుకునేవారు. పెళ్లి చేసుకున్న రోజునే ఉద్యోగం దానంతటదే పోతుందని షరతు. కార్మిక సంఘం పోరాడింది. 1965లో సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లదని కొట్టేసింది. పెళ్లయిన ఆడవాళ్లు సెలవులు ఎక్కువ పెడతారని కంపెనీ చెప్పిన కారణం న్యాయమూర్తులకు నచ్చలేదు. సరిగ్గా ఆ మరుసటి ఏడే, 1966 డిసెంబరులో, టోక్యో కోర్టు అలాంటి తీర్పే ఇచ్చింది. ఒక సిమెంటు కంపెనీ ఆడవాళ్ల దగ్గర పెళ్లయితే మానేస్తామని ముందే రాయించుకుంది. ఒక ఉద్యోగిని ఒప్పుకోక దావా వేసి గెలిచింది. ఎక్కడి బొంబాయి, ఎక్కడి టోక్యో! అయినా జపానులో పెళ్లి చేసుకుని ఉద్యోగం మానేయడాన్ని శుభకార్యపు విరమణ అంటూ ముద్దుగా పిలిచే అలవాటు చాలాకాలం సాగింది. కోర్టు తీర్పు ఒకటి, ఆఫీసు గాలి ఇంకొకటి.

ఇప్పుడు మన కర్ణాటక వాళ్ల సంగతి చెబుతాను. కొడగు జిల్లా విరాజపేటలో పుట్టిన సి.బి. ముత్తమ్మగారు మన దేశంలో విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ. 1949లో చేరారు. పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని చేరేటప్పుడే ఆమెతో రాయించుకున్నారు. మగ అధికారులతో అలా రాయించుకున్నారా అంటే లేదు. 1970లో హంగరీకి రాయబారి అయ్యారు. మన దేశం తరఫున రాయబారి అయిన మొదటి సర్వీసు ఆఫీసరమ్మ ఆమే. అయినా ప్రమోషనులో తనను వెనక్కి నెట్టారని 1979లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. మహిళా ఆఫీసరు పెళ్లికి ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, కుటుంబ బాధ్యతలు ఉద్యోగానికి అడ్డమని తోస్తే రాజీనామా చేయమనవచ్చు అన్న నియమం అప్పటికి పుస్తకంలో ఉండేది. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం ఆ నియమాన్ని తీసేసింది, ఆమెకు ప్రమోషనూ ఇచ్చింది. అందుకని పిటిషను ముగించారు గానీ, జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పులో ఆ నియమాలను గట్టిగానే దులిపేశారు. అదే షరతు మగవాడికి ఎందుకు లేదని ఆయన అడిగిన ప్రశ్న ఈనాటికీ లా కాలేజీల్లో చెబుతారు. ముత్తమ్మగారు పెళ్లి చేసుకోలేదు. 2009లో బెంగళూరులో కన్నుమూశారు.

విమాన పరిచారికల కథ ఇంకో తీరు. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే ఇంటికి, మొదటి కానుపు నిలిస్తే ఇంటికి అని ఎయిరిండియా నియమం. 1981లో సుప్రీంకోర్టు కానుపు నియమాన్ని కొట్టేసింది. నాలుగేళ్ల పెళ్లి నియమాన్ని మాత్రం ఉండనిచ్చింది. ఆ తీర్పు వచ్చిన పదేళ్లకే 'పెళ్లి పుస్తకం' వచ్చిందని గుర్తుపెట్టుకోండి. అంటే బాపు రమణలు గాలిలోంచి కథ పట్టుకురాలేదు.

పోనీ ఇదంతా గతించిన కాలపు ముచ్చట అనుకుందామంటే, 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ ఒక కథనం ప్రచురించింది. తమిళనాడులో, మన సరిహద్దుకు దగ్గర్లోనే ఉన్న శ్రీపెరంబుదూరులో ఒక పెద్ద సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలో పెళ్లయిన ఆడవాళ్లను ఉద్యోగంలోకి తీసుకోవడం లేదని. కేంద్ర కార్మిక శాఖ వెంటనే తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. ఉద్యోగాల్లో చేర్చుకునేటప్పుడు ఆడ మగ తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టం చెబుతోందని గుర్తు చేసింది. చిత్తూరు, తిరుపతి వైపు నుంచి ఎంతమంది ఆడపిల్లలు ఆ దారిన ఫ్యాక్టరీలకు పోతున్నారో మీకు నేను చెప్పాలా?

ఇంటి అద్దెల సంగతి వేరే ప్రసంగమంత ఉంది గానీ ఒక్క మాట. 1990ల మొదట్లో వచ్చిన 'చిత్రం భళారే విచిత్రం'లో స్నేహితుల గుంపుకు అద్దె ఇల్లు దొరక్క నరేశ్ ఆడవేషం కడతాడు. అది మరాఠీలో 1988లో వచ్చిన సినిమా కథ, ఆ మరాఠీ కథకు మూలం 1966లో హృషీకేశ్ ముఖర్జీ తీసిన హిందీ చిత్రం. మూడు భాషల్లో ఇరవై అయిదేళ్ల పాటు అదే ఇల్లు, అదే గేటు, అదే ప్రశ్న. కాడుగోడిలో ఇంకా అదే ప్రశ్న.

ఇక, నవ్వలేని పెళ్లిళ్ల గురించి కూడా చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. ఉద్యోగం కోసం దాచేవాళ్లు కొందరైతే, ప్రాణం కోసం దాచేవాళ్లు కొందరు. కులం వేరనో మతం వేరనో రిజిస్ట్రారు కచేరీలో సంతకాలు పెట్టి, అమ్మాయి హాస్టలుకూ అబ్బాయి రూముకూ వెళ్లిపోయే జంటలు మన రెండు వైపులా ఉన్నారు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఏం జరిగిందో మీరు వినే ఉంటారు. కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ని ఆసుపత్రి గేటు దగ్గర, గర్భవతి అయిన భార్య కళ్లముందే చంపారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది.

ఇలాంటి జంటలకు పనికొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును కచేరీలో అందరికీ కనబడేలా పెడతారు. పేర్లు, చిరునామాలు అన్నీ అందులో ఉంటాయి. దాంతో ఇంట్లో చెప్పకముందే ఊళ్లోవాళ్లు ఇంటికి మోసుకెళ్తారు. నోటీసు బహిరంగంగా పెట్టాలా వద్దా అన్నది జంట ఇష్టమని 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు చెప్పింది. అది ఉత్తరప్రదేశ్ మాట. ఇద్దరూ హిందువులైతే 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద చేసుకోవచ్చు, దానికి ముప్పై రోజుల నోటీసు లేదు. పెళ్లిని దాచుకున్నా సరే, రిజిస్టరు మాత్రం చేయించుకోవాలి. పెళ్లిళ్లన్నీ రిజిస్టరు కావాలని 2006లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది, మన ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందే 2002లో చట్టం వచ్చింది. రేపు అతను కాదన్నా, అత్తవారు కాదన్నా, ఆ కాగితమే అమ్మాయికి అండ. బెదిరింపులుంటే జంటలకు రక్షణ గృహాలు ఏర్పాటు చేయాలని, జిల్లా పోలీసులు వెంటనే స్పందించాలని 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. భయముంటే ఎస్పీ గారి కచేరీకి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి.

మా మేడమీది జంటకు అంత కష్టం లేదు. పెద్దలే దగ్గరుండి చేసిన పెళ్లి. మొన్న ఆదివారం ఆ అమ్మాయి కిందికి దిగివచ్చి, "ఆంటీ, మా మేనేజరుకు తెలిసిపోయిందండీ" అంది. ఎలా అని కంగారుగా అడిగాను. శుక్రవారం ఆఫీసులో అందరూ బూట్లు విప్పి ఏదో ఆట ఆడారట. ముందురోజు ఇంట్లో నోము ఉందని మెట్టెలు పెట్టుకుని, తీయడం మరిచిపోయింది. ఆ మేనేజరు ఆమె కాళ్లవంక చూసి కన్నడంలో, "మదువె యావాగ ఆయ్తమ్మా?" అన్నారట. పెళ్లెప్పుడయిందమ్మా అని. ఈమె నోట మాట రాలేదు. పక్క టేబులు దగ్గర నుంచి వాళ్లాయన లేచి నిలబడి, "రెండేళ్లయింది సార్, నాతోనే" అన్నాడట.

బదిలీ సంగతి ఇంకా తేలలేదు. సోమవారం నుంచి ఇద్దరూ ఒకే స్టేషనులో దిగుతున్నారు.